పదిహేడున్నర నంబరు రింగు

తల వంచండి. నిటారుగా నిలబడితే గర్డర్ తగులుతుంది. మీ పాదాల కింద ఉన్నది ఒక్క మనిషికి సరిపోయే సన్నని నడకదారి. దానికి అటూ ఇటూ నేలంటూ ఏమీ లేదు. కాలు జారితే మీకూ కిందున్న పసిఫిక్ మహాసముద్రానికీ మధ్య అడ్డం ఉన్నది వెండిరంగు పూసిన నూలుగుడ్డ ఒక్కటే.

1935 ఫిబ్రవరి 12, మంగళవారం. పొద్దు వాలుతోంది. అమెరికా నావికాదళపు గాలి ఓడ యూఎస్‌ఎస్ మేకన్ తోక వైపు ఉన్నారు మీరు. ముక్కు నుంచి తోక దాకా 785 అడుగుల పొడవు, నడుం దగ్గర 133 అడుగుల మందం. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో యుద్ధనౌకలతో కలిసి విన్యాసాలు ముగించుకుని ఉత్తరాన సన్నీవేల్‌లోని తన హ్యాంగర్‌కు తిరిగి పోతోంది. లోపల మీతో కలిపి 83 మంది. బయట వాన జల్లులు. తీరం వెంబడి కొండల మీద మబ్బు కిందికి దిగి ఉంది.

పైకి చూడండి. మసక వెలుతురులో డ్యూరాల్యూమిన్ గర్డర్లు అల్లుకుని పైకి, ఇంకా పైకి పోతున్నాయి. ఆ చట్రంలో ముక్కు నుంచి తోక వరకూ పన్నెండు గ్యాస్ సంచులు. వాటి నిండా హీలియం. ఓడ ఒరిగినప్పుడల్లా ఆ సంచులు మెల్లగా ఊగి, వాటిని పట్టుకున్న వలకు రాసుకుంటాయి. ఆ చప్పుడు వినాలంటే మాత్రం చెవి రిక్కించాలి. ఎనిమిది మేబాక్ ఇంజన్లు, ఒక్కొక్కటి 560 హార్స్‌పవర్, ఓడ పొట్టలోనే మోగుతున్నాయి.

ఇంజన్లు పొట్టలో పెట్టారంటే అది చిన్న సంగతి కాదు. జర్మన్లు తమ జెప్లిన్లలో హైడ్రోజన్ నింపేవారు. నిప్పురవ్వ పడితే అంతే సంగతులు కాబట్టి ఇంజన్లను బయట వేలాడదీసేవారు. అమెరికాకు టెక్సస్‌లో హీలియం దొరికింది. అది మండదు. కానీ ఖరీదైనది, పోనిస్తే మళ్ళీ రాదు. పెట్రోలు కాలేకొద్దీ ఓడ తేలికై పైకి పోతుంది. దాన్ని ఆపడానికి హీలియం వదిలేస్తూ కూర్చుంటే ఖజానా ఖాళీ. అందుకే మేకన్ తన ఇంజన్ల పొగలోంచే నీటిని చల్లార్చి పట్టుకుంటుంది. పెట్రోలు పోయిన బరువు నీళ్ళతో పూడుతుంది. ఇంజన్లకు పైన, ఓడ పక్కల మీద నిలువుగా కనిపించే పట్టీలు ఆ నీటిని పట్టేవే. ఇంత ఆలోచన పెట్టి కట్టిన యంత్రం ఇది. దాన్ని ఏదో పిచ్చి ప్రయోగమని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు కోపం.

ముందుకు నడవండి. నడక నేర్పుగా సాగాలి, ఒక చెయ్యి ఎప్పుడూ గర్డర్ మీదే ఉండాలి. ఓడ కడుపులో ఇప్పుడొక గది వస్తుంది. అడుగున పెద్ద తెరిపి. లోపల కర్టిస్ స్పారోహాక్ అనే చిన్న యుద్ధ విమానాలు నాలుగు, పైకప్పు పట్టాలకు వేలాడుతున్నాయి. ఒకదానిలో మిమ్మల్ని కూర్చోబెడితే ఏమవుతుందో చెబుతాను. ట్రపీజ్ అనే ఇనుప చట్రం మిమ్మల్ని విమానంతో సహా తెరిపిలోంచి కిందికి దించుతుంది. ఇంజన్ అందుకున్నాక మీరు కొక్కెం విడిపిస్తారు. ఒక్కసారిగా కడుపులో పేగులు పైకొస్తాయి. ఆ తర్వాత మీరు స్వేచ్ఛగా ఎగురుతూ ఉంటారు. తిరిగి రావడమే కష్టం. ఓడ కిందికి చేరి, దాని వేగానికి మీ వేగం సరిచూసుకుని, మీ పై రెక్క మీదున్న కొక్కేన్ని ట్రపీజ్ కడ్డీకి తగిలించాలి. మేకన్ పైలట్లకు ఈ విద్య ఎంత అలవాటైందంటే, సముద్రం మీదికి పోయేటప్పుడు విమానాల చక్రాలు విప్పేసి, ఆ బరువుకు అదనపు పెట్రోలు ట్యాంకు కట్టుకునేవారు. నేల మీద దిగే ఆశే లేదు. ఇల్లంటే ఓడే.

1934 జులైలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హ్యూస్టన్ అనే క్రూజర్ మీద హవాయి వైపు పోతున్నాడు. మేకన్ కెప్టెన్ హర్బర్ట్ వైలీ ఎవరినీ అడగకుండా ఆ నౌకను పసిఫిక్ నడిమధ్య వెతికి పట్టుకున్నాడు. చక్రాలు లేని స్పారోహాక్‌లు దిగి, డెక్ మీదున్న అధ్యక్షుడికి తాజా వార్తాపత్రికలు జారవిడిచాయి. పైఅధికారులు మండిపడ్డారట. నాకైతే ఆ పని నచ్చింది. గాలి ఓడ నావికాదళంలో ఎందుకుండాలో ఒక్క పేపరు కట్టతో చూపించాడు. అంత విశాల సముద్రంలో శత్రువు ఎక్కడున్నాడో ముందుగా తెలుసుకునే కళ్ళు ఆనాడు వేరే లేవు. రాడార్ రాలేదు, దూరాలు పోయే విమానాలు ఇంకా తయారవుతున్నాయి.

ఈ ఆశ జర్మన్ నావికాదళానిది మొదట. 1913లో నెల పైచిలుకు తేడాలో వాళ్ళు ఎల్-1, ఎల్-2 అనే జెప్లిన్లు రెంటినీ పోగొట్టుకున్నారు. అయినా మొదటి ప్రపంచయుద్ధమంతా ఉత్తర సముద్రం మీద జెప్లిన్లు కావలి కాశాయి, ఇంగ్లండ్ మీద బాంబులు వేశాయి. వాటి నాయకుడు పీటర్ స్ట్రాసర్ 1918 ఆగస్టులో ఎల్-70తో పాటే కాలిపోయాడు. బ్రిటిష్ నావికాదళపు మొదటి గాలి ఓడ మేఫ్లై 1911లో ఎగరకుండానే నడుం విరిగింది. అమెరికా షెనండోవా 1925లో ఒహాయో మీద తుఫానులో ముక్కలైంది, 14 మంది పోయారు. అమెరికా ఓడల్లో లాస్ ఏంజెలెస్ అనేది ఒక్కటి మాత్రమే ఎవరి ప్రాణం తీయకుండా తన కొలువు ముగించింది. అప్పటి మన దేశానికి రావలసింది కూడా ఒకటుంది. అది నావికాదళానిది కాదు, బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్-101. దాని కోసం కరాచీలో బ్రహ్మాండమైన షెడ్డు కట్టి సిద్ధం చేశారు. కానీ 1930 అక్టోబరు 5న ఆ ఓడ ఫ్రాన్స్‌లో బోవే దగ్గర నేలకు తగిలి, 48 మందితో కాలిపోయింది. కరాచీ షెడ్డులోకి ఏ ఓడా రాలేదు.

మేకన్‌కు అక్క ఉండేది, ఏక్రన్. 1933 ఏప్రిల్ 4 రాత్రి న్యూజెర్సీ తీరానికి ఆవల తుఫానులో పడి సముద్రంలో కూలింది. 76 మందిలో మిగిలింది ముగ్గురు. పోయినవారిలో నౌకాదళ వైమానిక విభాగానికి పెద్ద అయిన అడ్మిరల్ విలియం మాఫెట్ ఉన్నాడు. ఆ అర్ధరాత్రి చాలామంది కూలిన దెబ్బకు కాదు, చలికి, మునిగి చనిపోయారు. ఓడలో లైఫ్ జాకెట్లు లేవు. బతికిన ముగ్గురిలో ఒకడు వైలీ. ఇప్పుడు మేకన్‌లో మీ చేతికి అందేలా లైఫ్ జాకెట్ ఉంది, రబ్బరు తెప్పలు ఉన్నాయి. ఏక్రన్ ప్రమాదం తర్వాతే వాటిని పెట్టారు.

ఇక వెనక్కి, తోక దగ్గరికి రండి. ఈ రింగు మీద చెయ్యి పెట్టండి. దీని నంబరు 17.5. చుక్కాని స్తంభం దగ్గర సున్నా, అక్కడి నుంచి ముందుకు ఎన్ని మీటర్లుంటే రింగుకు అదే నంబరు. నాలుగు తోక రెక్కలూ ఈ రింగును పట్టుకుని ఉన్నాయి. మొదటి డిజైన్‌లో రెక్కలు ఇంకా పొడవు, వాటి ముందు కొస మరో ప్రధాన రింగుకు అందేది. కానీ కంట్రోల్ గదిలోంచి కింది రెక్క కనిపించాలని నావికాదళం కోరింది. రెక్కలను పొట్టిగా, లోతుగా మార్చారు. వాటి ముందు కొసకు గట్టి ఆధారం లేకుండా పోయింది. గాలి విసురుకు ఎంత బలం పడుతుందో అప్పటి లెక్కలకు పూర్తిగా అందలేదు.

1934 ఏప్రిల్‌లో మేకన్ ఫ్లోరిడాకు పోతూ టెక్సస్ కొండల మీదుగా వెళ్ళింది. అక్కడి ఎగుడుదిగుడు గాలికి ఈ రింగులోనే గర్డర్లు వంగి విరిగాయి. రాబర్ట్ డేవిస్ అనే సీనియర్ నావికుడు తన మనుషులతో గాల్లోనే, ఊగుతున్న చట్రం మీద వేలాడుతూ కట్లు కట్టి ఓడను నిలబెట్టాడు. ఆ రోజు అతని చేతులు లేకపోతే ఓడ ఫ్లోరిడా చేరేది కాదని నా నమ్మకం. ఆ తర్వాత ఓడను కట్టిన గుడ్‌ఇయర్ కంపెనీ ఇంజనీర్లు తోకను బలపరచాలని చెప్పారు. పని మొదలైంది కూడా. కానీ విన్యాసాల తేదీలు ముంచుకొచ్చేవి, ఓడను ఆపి కూర్చోబెట్టడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. వీలు దొరికినప్పుడల్లా కాస్త కాస్తగా చేశారు. కింది రెక్క, పక్క రెక్కల దగ్గర పని పూర్తయింది. పై రెక్క మిగిలింది. తర్వాత చూద్దాం అనుకున్నారు. హైదరాబాద్ దగ్గరి మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద నడిచేవాళ్ళకు ఈ మాట ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కట్టకు ఎలుక బొరియ కనబడితే చెరువు నిండకముందే పూడ్చాలి. మూడు బొరియలు పూడ్చి నాలుగోది వదిలేస్తే, నీళ్ళు ఆ నాలుగోదాన్నే వెతుక్కుంటాయి.

ఇదే మండలంలో ఆదిబట్ల ఉంది. నా చిన్నప్పుడు అది పొలాలూ రాళ్ళూ. ఇప్పుడు అక్కడ టాటావాళ్ళ ఫ్యాక్టరీల్లో లాక్‌హీడ్ మార్టిన్ సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారవుతాయి. ఎస్-92 హెలికాప్టర్ల క్యాబిన్లు అక్కడే చేశారు. 2018లో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే యూనిట్ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున్నే షిఫ్టుకు పోయే పిల్లలకు ఈ రింగు సంగతి చెబితే క్షణంలో అందుకుంటారు. రివెట్ కొట్టేటప్పుడు ఒకరు గన్ పట్టుకుంటే ఇంకొకరు వెనక బకింగ్ బార్ అదిమి పట్టుకోవాలి. రంధ్రం సరిగ్గా రాకపోతే కాగితం మీద రాయాలి, పైవాళ్ళు చూసి సరే అనేదాకా ఆ ముక్క కదలదు. విమానం తోక మీద గాలి ఎంత బలంగా కొడుతుందో వాళ్ళ చేతులకు తెలుసు. మేకన్ కథను నేను వాళ్ళ కోసమే రాస్తున్నాను.

సాయంత్రం ఐదు దాటింది. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి వైపు పాయింట్ సర్ కొండ, దాని మీద దీపస్తంభం. వాన కురుస్తోంది. ఒక్క విసురు. ఓడ మొత్తం పక్కకు ఒరిగి, మీ భుజం గర్డర్‌కు కొట్టుకుంటుంది. తల మీద ఏదో చీలిన చప్పుడు, వెంటనే గుడ్డ చిరిగిన చప్పుడు. పైన ఇందాక చీకటి ఉన్నచోట ఇప్పుడు ఆకాశం కనబడుతోంది. పై రెక్క లేదు. పోతూ పోతూ అది తన గర్డర్ ముక్కలతో వెనక గ్యాస్ సంచులను చీల్చింది. దీపస్తంభం దగ్గరివాళ్ళు కింది నుంచి ఆ రెక్క ముక్కలవడం కళ్ళారా చూశారు. కంట్రోల్ గదిలో ఉన్నవాళ్ళకు మాత్రం ఏమైందో కనబడదు. చుక్కాని చక్రం చేతిలో వదులుగా తిరుగుతోంది, అంతే.

తోక బరువెక్కి కిందికి దిగుతోంది, ముక్కు పైకి లేస్తోంది. వైలీ బరువు వదలమన్నాడు. నీళ్ళు, పెట్రోలు ట్యాంకులు, చేతికందినవన్నీ సముద్రంలోకి పోతున్నాయి. మీరూ తోస్తున్నారు. ఆ కంగారులో అవసరానికి మించి పోయాయి. ఓడ పైకి లేచింది. ఆగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం. మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ బెలూన్ కేంద్రం ఉంది. చలికాలంలో రాత్రిళ్ళు పరిశోధన బెలూన్లు వదులుతారు. పరికరాలు పారాచూట్‌తో రంగారెడ్డి, వికారాబాద్, ఇంకా అవతలి జిల్లాల పొలాల్లో దిగుతాయి, ముట్టుకోకండని ముందే చెబుతారు. ఆ బెలూన్‌ను వదిలేటప్పుడు చూస్తే పైన కొంచెం మాత్రమే ఉబ్బి, మిగతాదంతా ముడుచుకుని వేలాడుతుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పల్చబడి, లోపలి వాయువు వ్యాకోచించి, ఎంతో ఎత్తులో అది నిండుగా విచ్చుకుంటుంది. ఎదగడానికి చోటు వదిలి పంపుతారన్న మాట. మేకన్ సంచులకూ అలాంటి చోటు కొంత ఉంటుంది, ఒక ఎత్తు వరకే. ఆ ఎత్తు దాటితే సంచులు పగలకుండా వాల్వులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇప్పుడు ఓడ దాదాపు 4,850 అడుగులకు చేరింది. వాల్వులు తెరుచుకుని హీలియం బుసకొట్టి బయటికి పోతోంది. చిరిగిన సంచుల్లోంచి పోయింది సరే, బాగున్న సంచుల్లోంచి కూడా పోతోంది. మళ్ళీ కిందికి దిగేసరికి ఓడను మోసే శక్తి మిగల్లేదు.

రేడియోలో సాయం కోసం కబురు వెళ్ళింది. వైలీ ఇప్పుడు చేసింది గొప్ప పని. ఓడను కాపాడలేనని తెలిశాక, దాన్ని వీలైనంత మెల్లగా, తీరంలోని రాళ్ళకు దూరంగా, యుద్ధనౌకలు చేరగలిగేచోట నీళ్ళ మీదికి దించాడు. ఐదూ నలభై ప్రాంతంలో తోక నీటిని తాకింది. లైఫ్ జాకెట్ గట్టిగా బిగించుకోండి. తెప్పలు దింపుతున్నారు. ముక్కు వైపు ఉన్నవాళ్ళు నీటికి చాలా ఎత్తున ఉన్నారు, తాళ్ళు పట్టుకుని జారుతున్నారు. ఎర్నెస్ట్ డెయిలీ అనే రేడియో ఉద్యోగి చాలా ఎత్తు నుంచి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫ్లోరెంటీనో ఎడ్‌క్విబా అనే ఫిలిప్పీన్స్ మనిషి మెస్‌లో పనిచేసేవాడు. నీటిలోకి దిగినవాడల్లా తన సామాను కోసం మునుగుతున్న ఓడలోకి తిరిగి వెళ్ళబోయి మునిగిపోయాడని చెబుతారు. ఆ సామానులో ఏముందో ఎవరికి తెలుసు? ఇంటికి దూరంగా, పరాయి దేశపు నావికాదళంలో వడ్డన పని చేసేవాడికి తన పెట్టె ఎంత ముఖ్యమో, దుబాయి పోయివచ్చిన మన పాలమూరు మనిషిని అడిగితే చెబుతాడు.

చీకట్లో క్రూజర్ల సెర్చ్‌లైట్లు నీటి మీద వెతుకుతున్నాయి. రిచ్‌మండ్, కాంకర్డ్, సిన్సినాటి. పడవలు వచ్చాయి. తెప్పల మీద నుంచి ఒక్కొక్కరినే లాగుతున్నారు. 83 మందిలో 81 మంది బతికారు. ఏక్రన్‌లో ముగ్గురే బతికారని గుర్తుంటే ఈ అంకె విలువ తెలుస్తుంది. ఏక్రన్ ప్రమాదం నేర్పిన లైఫ్ జాకెట్ ఓడలోకి ఎక్కింది, టెక్సస్ గాలి నేర్పిన పై రెక్క మరమ్మతు హ్యాంగర్‌లోనే ఉండిపోయింది. వైలీ తొమ్మిదేళ్ళ తర్వాత వెస్ట్ వర్జీనియా యుద్ధనౌక కెప్టెన్‌గా సురిగావ్ జలసంధి యుద్ధంలో పాల్గొన్నాడు. అమెరికా నావికాదళం మాత్రం మళ్ళీ అలాంటి ఓడ కట్టలేదు. మిగిలిన లాస్ ఏంజెలెస్‌ను 1939లో విప్పేశారు.

మేకన్ ఇల్లు మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు మీరు ఇబ్రహీంపట్నం నుంచి కొడుకు దగ్గరికి సన్నీవేల్ వచ్చిన తండ్రి. సాయంత్రం అఖాతం ఒడ్డున వాకింగ్. చుట్టూ తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఎదురుగా ఆకాశానికి అడ్డంగా ఓ మహాకాయం.

"గంత పెద్ద షెడ్డు ఎందుకు కట్టిన్రు బిడ్డా? విమానాలకా?"

"ఒక్క ఓడకు నాయినా. గాలిలో పోయే ఓడకు."

"ఇప్పుడేడుంది గది?"

"సముద్రంల మునిగింది. ఈడికొచ్చి రెండేండ్లు గూడ కాలే."

హ్యాంగర్ వన్. 1,133 అడుగుల పొడవు, 308 అడుగుల వెడల్పు, 198 అడుగుల ఎత్తు, ఎనిమిది ఎకరాల నేల. ఈ ప్రాంతపు జనం చందాలు వేసుకుని వెయ్యి ఎకరాలు కొని, ప్రభుత్వానికి ఒక్క డాలరుకు ఇచ్చారు, ఓడ తమ ఊరికి రావాలని. ఏక్రన్‌తో పోయిన అడ్మిరల్ పేరు మీద ఆ మైదానం మాఫెట్ ఫీల్డ్ అయింది. పైరేకుల్లో విషపదార్థాలున్నాయని 2011-12లో ఊడదీశారు, ఎముకల గూడు మిగిలింది. 2014లో గూగుల్ అనుబంధ సంస్థ లీజుకు తీసుకుని, తిరిగి కప్పే పని చేపట్టింది.

ఓడ శిథిలాల జాడ కథ కూడా విచిత్రమే. ఒక జాలరి వలకు గర్డర్ ముక్క తగిలింది. అది తీరంలో ఒక రెస్టారెంట్ గోడకెక్కింది. వైలీ కూతురు దాన్ని చూసి మేకన్‌దేనని గుర్తుపట్టింది. 1990లో నావికాదళం, మాంటెరే బే పరిశోధన సంస్థ కలిసి దాదాపు 1,500 అడుగుల లోతున ఓడను కనుగొన్నాయి. నాలుగు స్పారోహాక్‌లూ అక్కడే ఉన్నాయి. 2006లో మళ్ళీ దిగి ఫొటోలు తీశారు. 2010లో ఆ చోటును అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా పోయే మా ఊరి అమ్మానాన్నలకు ఒక మాట. గోల్డెన్ గేట్ వంతెన ఎలాగూ చూపిస్తారు. ఒక ఆదివారం మాఫెట్ ఫీల్డ్ వైపూ, ఇంకో రోజు మాంటెరే దాటి హైవే 1 మీద పాయింట్ సర్ వైపూ తీసుకుపొమ్మని అడగండి. దీపస్తంభం దగ్గరికి గైడ్ వెంటే పంపుతారు, ఏ రోజుల్లో తీసుకెళ్తారో ముందే కనుక్కోవాలి. కొండ ఎక్కాలి, గాలి గట్టిగా వీస్తుంది, స్వెట్టర్ మరవకండి. ఇంట్లో ఎవరైనా ఆదిబట్లలో పనిచేస్తుంటే వాళ్ళకు అక్కడి నుంచే వీడియో కాల్ చేయండి. తోక గురించి వాళ్ళు మీకంటే, నాకంటే మంచి ప్రశ్నలు వేస్తారు.